కుడి మీట ఖిస్సా: మెనూ మీద ఇఖ్తియార్ ఎవరిది?

మొన్న రాత్రి మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కి అదే ఆఖరి రోజు. వాడి గొంతులో ఘబ్రాహట్ తెలుస్తూనే ఉంది.

"మామూ, మీరు పెట్టిచ్చిన లిస్టు పోయింది."

"ఏ లిస్టురా?"

"రైట్ క్లిక్ కొడితే వచ్చేది. కాగితాలు పంపే లిస్టు."

విప్పి చూస్తే తప్పు నాదే. పాత కంప్యూటర్‌లో వాడి కోసం రైట్ క్లిక్ మెనూలో మూడు పేర్లు చేర్చి పెట్టాను: సర్టిఫికెట్లు, ఫొటోలు, అప్‌లోడ్. స్కాన్ చేసిన ఆదాయ సర్టిఫికెట్టో, మార్కుల మెమోనో, అమ్మ బ్యాంక్ పాస్‌బుక్కో డౌన్‌లోడ్స్‌లో పడగానే కుడి మీట నొక్కి, పేరు ఎంచుకుంటే చాలు, దాని చోటికి అది చేరేది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఫైళ్లన్నీ మార్చాం, ఆ మూడు పేర్లు మార్చడం మరిచిపోయాం. పైగా కొత్త మెనూ పొట్టిగా ఉంది. 'సెండ్ టు' అన్న మాటే వాడికి కనపడలేదు. ఫోన్‌లోనే దారి చెప్పాను. పన్నెండుకి పావుగంట ముందు అప్లికేషన్ వెళ్లింది.

"ఇంత చిన్న మెనూ కోసం ఇంత హైరానా పడ్డామా" అంది ఆపా. చిన్నదే. కానీ దాని వెనక యాభై ఏళ్ల తారీఖ్ ఉంది. ఒక వస్తువు మీద చెయ్యి పెట్టి, దానితో ఏం చేయాలో అక్కడికక్కడే చెప్పే ఇఖ్తియార్ ఎవరి చేతిలో ఉండాలన్నదే ఆ తారీఖ్ నిండా నడిచిన జగడా.

మూడు మీటల మౌస్

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీర్ ఉండేవాడు. ఆయన ఖయాల్‌ని 1964లో బిల్ ఇంగ్లిష్ అనే సహచరుడు ఒక చెక్క డబ్బాగా తయారు చేశాడు. అడుగున రెండు చక్రాలు, పైన ఒకే ఒక మీట. 1968 డిసెంబర్ 9న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని అందరి ముందూ నడిపి చూపించేసరికి మీటలు మూడయ్యాయి. కుడిచేతిలో మౌస్, ఎడమచేతి కింద ఐదు మీటల చిన్న పలక. రెండు చేతులూ కలిస్తే హుకుం. నేర్చుకునేటప్పుడు ఎంత మెహనత్ పడినా ఫర్వాలేదు, నేర్చుకున్నాక మాత్రం చెయ్యి ఆగకూడదన్నది ఆయన సోంచ్.

అక్కడికి దగ్గర్లోనే, పాలో ఆల్టోలో, జిరాక్స్ కంపెనీ 1970లో ఒక పరిశోధన కేంద్రం పెట్టింది. పార్క్ అంటారు దాన్ని. 1973లో అక్కడ తయారైన ఆల్టో కంప్యూటర్‌కీ మూడు మీటల మౌసే. అలన్ కే జట్టు ఆ కంప్యూటర్ మీద స్మాల్‌టాక్ అనే భాషను, దానితో పాటే ఒక కొత్త తెరను తయారు చేసింది. వాళ్లు మీటలను రంగులతో పిలిచేవాళ్లు. ఎర్ర మీట వస్తువును ఎంచుకోవడానికి. పసుపు మీట కిటికీ లోపల ఉన్నదానికి హుకుం ఇవ్వడానికి. నీలం మీట కిటికీకే హుకుం ఇవ్వడానికి. పసుపుదో నీలందో నొక్కితే, తెర మీద బాణం ఎక్కడుందో అక్కడే చిన్న చిట్టా లేచేది. మీట వదిలితే మాయమయ్యేది. ఇలా లేచే మెనూకి రూపం ఇచ్చినవాడిగా డాన్ ఇంగాల్స్ పేరు చెబుతారు.

మన రైట్ క్లిక్ మెనూకి దాదా ఇదే. అందులోని అసలు సంగతి దూరం. 1954లోనే పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక లెక్క కట్టాడు. చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే వక్త్, ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పు ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. వంట చేసేటప్పుడు మసాలా డబ్బా పొయ్యి పక్కనే పెట్టుకునే మన అమ్మీలకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. మెనూ తెర పైఅంచున ఉంటే చెయ్యి ప్రతిసారీ అక్కడిదాకా పోయి రావాలి. బాణం దగ్గరే లేస్తే ఆ సఫర్ తప్పుతుంది.

ముందు వస్తువు, తర్వాత హుకుం

అదే పార్క్‌లో లారీ టెస్లర్ అనే ఇంకొకాయన ఉండేవాడు. ఆయనకు ఒకదాని మీద కోపం: మోడ్. అంటే మెషీన్ ఇప్పుడు ఏ హాలత్‌లో ఉందో మనిషి గుర్తుపెట్టుకోవాల్సి రావడం. అక్కడ బ్రావో అనే ఎడిటర్ ఉండేది. అక్షరాలు టైప్ చేసే హాలత్ వేరు, హుకుం ఇచ్చే హాలత్ వేరు. హుకుం హాలత్‌లో ఉన్నామని మరిచి ఎవరైనా ఇంగ్లీషులో 'ఎడిట్' అని కొడితే ఏమయ్యేదో అక్కడివాళ్లు కథగా చెప్పుకునేవాళ్లు. 'ఇ' అంటే అంతా ఎంచుకో. 'డి' అంటే తీసెయ్. 'ఐ' అంటే కొత్తది చేర్చు. మిగిలింది 'టి'. అంటే రాసిందంతా పోయి ఆ ఒక్క అక్షరం మిగిలేది. టెస్లర్ తన కారు నంబర్ ప్లేట్ మీద కూడా 'నో మోడ్స్' అని పెట్టుకున్నాడు.

టెస్లర్, టిమ్ మాట్ కలిసి 1970ల నడుమ జిప్సీ అనే ఎడిటర్ తయారు చేశారు. జిరాక్స్ చేతిలోనే ఉన్న జిన్ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ కోసం అది. దాన్ని వాడాల్సినవాళ్లు కత్తెర, జిగురు పెట్టుకుని కాగితం ముక్కలు అతికించే పుస్తకాల మనుషులు. అందుకే ఆ పనుల పేర్లే వచ్చాయి: కట్, కాపీ, పేస్ట్. ముందు మాటను ఎంచుకో, తర్వాత ఏం చేయాలో చెప్పు. ఈ వరస అక్కడ గట్టిపడింది.

మనకిది వింతగా అనిపించదు. ఇంగ్లీషులో 'డిలీట్ దిస్ ఫైల్' అంటారు, హుకుం ముందు, వస్తువు తర్వాత. మనం 'ఈ ఫైల్ తీసెయ్' అంటాం. ఉర్దూలోనూ 'యే ఫైల్ మిటా దో'. వస్తువు ముందు, క్రియ ఆఖర్న. రైట్ క్లిక్ వ్యాకరణం మన ఇళ్లలో మాట్లాడే రెండు భాషల వ్యాకరణమే.

1981లో జిరాక్స్ అమ్మకానికి తెచ్చిన స్టార్ కంప్యూటర్ ఇంకో అడుగు వేసింది. కాగితమైనా, ఫోల్డరైనా, దేని మీదైనా పనిచేసే కొన్ని ఉమ్మడి హుకుంలకు కీబోర్డ్ మీదే మీటలు ఇచ్చింది: జరుపు, కాపీ చెయ్, తీసెయ్, గుణాలు చూపించు. ఇవాళ మన మెనూ అట్టడుగున ఉండే 'ప్రాపర్టీస్' మాటకి పాత వేరు అక్కడుంది.

ఒక్క మీట చాలన్నవాళ్లు

టెస్లర్ 1980లో ఆపిల్‌కి వెళ్లాడు. అక్కడ ఖిస్సా మలుపు తిరిగింది. కొత్తగా కంప్యూటర్ ముట్టుకునేవాళ్లు మూడు మీటల్లో ఏది నొక్కాలో తెలియక తడబడుతున్నారని ఆపిల్ వాళ్లకు అర్థమైంది. 1983లో లిసా, 1984లో మెకింటాష్, రెండూ ఒకే మీట ఉన్న మౌస్‌తో వచ్చాయి. హుకుంలన్నీ తెర పైఅంచున ఒక పట్టీలోకి ఎక్కాయి. ఎవరు కూర్చున్నా తప్పు మీట నొక్కే భయం లేదు. ఇది రహమ్‌తో చేసిన పనే. కానీ చేతి కింద లేచే మెనూ పోయింది.

మైక్రోసాఫ్ట్ అదే 1983లో రెండు మీటల మౌస్ అమ్మింది. తమాషా ఏంటంటే, ఆ రెండో మీటకి ఏళ్ల తరబడి పెద్దగా పనే లేదు. 1990లో వచ్చిన విండోస్ 3.0లో ఫైల్ మేనేజర్ తెరిచి ఒక ఫైల్ మీద కుడి మీట నొక్కినా ఏ మెనూ లేచేది కాదు. కుడి మీట ఊరికే కూర్చునేది, పెళ్లికి పిలిచి పని చెప్పని చుట్టంలాగా. ఆ చుట్టానికి ఐబీఎం వాళ్లు ముందు పని చెప్పారు. 1992లో ఓఎస్/2 రెండో వెర్షన్‌లో ప్రతి బొమ్మ మీదా కుడి మీట నొక్కితే దానిదైన మెనూ లేచేది. మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, కొన్నవాళ్లు తక్కువ.

1995 ఆగస్టు 24

ఆ తారీఖున విండోస్ 95 వచ్చింది. కుడి మీట ప్రపంచమంతా ఇంటింటి వస్తువైంది ఆ రోజు నుంచే. ఫైల్ మీద నొక్కితే తెరువు, కట్, కాపీ, తీసెయ్, పేరు మార్చు, ప్రాపర్టీస్. ఖాళీ చోట నొక్కితే 'న్యూ'. వీటన్నిటి నడుమ 'సెండ్ టు'.

నాకు ముఖ్యమనిపించేది ఆ మెనూ కన్నా దాని తలుపులు తెరిచి ఉంచడం. 'సెండ్ టు' వెనక ఏ జాదూ లేదు. అది మామూలు ఫోల్డర్. అందులో ఏ షార్ట్‌కట్ పెడితే ఆ పేరు మెనూలో కనపడుతుంది. తీసేస్తే పోతుంది. ఒక్క ముక్క ప్రోగ్రామింగ్ రాని మనిషి కూడా మెనూలో తన హుకుం తాను రాసుకోవచ్చు.

రెండో తలుపు రిజిస్ట్రీ. విండోస్ తన లెక్కలన్నీ రాసుకునే పెద్ద దఫ్తర్ అది. అందులో ప్రతి రకం ఫైల్‌కీ ఒక ఖాతా ఉంటుంది. ఆ ఖాతాలో 'షెల్' అనే అర, దానిలో మన హుకుం పేరు, దాని కింద ఏ ప్రోగ్రామ్ నడవాలో. ఎంచుకున్న ఫైల్ పేరు వచ్చే చోట శాతం గుర్తు, పక్కన ఒకటి అంకె. అంతే. మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లే పవర్‌టాయ్స్ పేరుతో చిన్న పనిముట్లు ఉచితంగా ఇచ్చారు. ఏ ఫోల్డర్ మీదైనా కుడి మీట నొక్కితే అక్కడే డాస్ కిటికీ తెరిచే పనిముట్టు వాటిలో ఒకటి. 'సెండ్ టు'కి కొత్త పేర్లు చేర్చేది ఇంకొకటి.

మూడో తలుపు ప్రోగ్రాములు రాసే కంపెనీల కోసం. వాళ్ల కోడ్ నేరుగా మెనూలోకి వచ్చి కూర్చోవచ్చు. విన్‌జిప్ లాంటివి అలాగే వచ్చి కూర్చున్నాయి. ఈ మూడో తలుపు సంగతి తర్వాత చెబుతాను.

ఛత్తా బజార్‌లో సెండ్ టు

నేను ఈ మెనూని నేర్చుకుంది హైదరాబాద్ ఛత్తా బజార్‌లో. పెళ్లి రుఖాలకు ఆ గల్లీ మశ్హూర్. ఒకప్పుడు కాతిబ్‌లు కలంతో రాసేవాళ్లు. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక నస్తాలీఖ్ ఖత్ కంప్యూటర్‌లోకి దిగింది. నేను షాగిర్ద్‌గా చేరేసరికి మా దుకాణంలో విండోస్ 98 ఉన్న రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్ ఉండేవి.

ఒక్క రుఖాకి మూడు భాషలు. ఉర్దూ ఇన్‌పేజ్‌లో, తెలుగు, ఇంగ్లీషు పేజ్‌మేకర్‌లో. షవ్వాల్ నెల వచ్చిందంటే రోజుకి ఎన్ని పెళ్లిళ్లో. ప్రతి పార్టీకీ ప్రూఫ్ చూపించాలి, దిద్దాలి, ప్రెస్‌కి ఫ్లాపీలో ఇవ్వాలి. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. ఉస్తాద్‌కి ఇంగ్లీషు అంతంత మాత్రమే. కానీ ఆయన 'సెండ్ టు' ఫోల్డర్‌ని పట్టేశాడు. పాత ఆర్డర్లు, ప్రూఫ్, ప్రెస్, ఇలా నాలుగైదు షార్ట్‌కట్‌లు పెట్టుకున్నాడు. పేరు ముందు అంకె వేస్తే వరస తను చెప్పినట్టే వస్తుందని కనిపెట్టాడు. గిరాకీ ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతుండగానే ఫైల్ చేరాల్సిన చోటికి చేరేది. నేనేమో కిటికీ మీద కిటికీ తెరుచుకుని లాగుతూ ఉండేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు, నేను అడిగేదాకా చెప్పలేదు.

చెప్పాక నా చెయ్యి కూడా నడిచింది. కాస్త ఎక్కువే నడిచింది. ఒక సాయంత్రం రెండు కుటుంబాల రుఖాలకు ఒకటే పేరు పెట్టాను. రెండోదాన్ని 'ప్రెస్'కి పంపగానే 'ఆ పేరుతో ఇప్పటికే ఉంది, దాని బదులు ఇది పెట్టనా' అని మెషీన్ అడిగింది. చదవకుండానే అవునన్నాను. తెల్లారితే ప్రెస్‌కి ఇవ్వాల్సిన మొదటి కుటుంబం రుఖా గాయబ్. వేరే కాపీ లేదు. ఉస్తాద్ నన్ను ఒక్క మాట అనలేదు. ప్రూఫ్ కాగితం ముందు పెట్టుకుని రాత్రంతా కూర్చుని మళ్లీ కొట్టాడు. పొద్దున వెళ్లేటప్పుడు అన్నాడు: "హుకుం జల్దీ నడిస్తే గల్తీ కూడా జల్దీ నడుస్తుంది బేటా." అప్పటినుంచి ఫైల్ పేరులో పార్టీ పేరు, తారీఖు లేకుండా నేను ఏదీ ఎక్కడికీ పంపలేదు.

మెనూ బజారైంది

ఇక మూడో తలుపు. 2000 తర్వాత ఇన్‌స్టాల్ చేసిన ప్రతి ప్రోగ్రామూ ఆ తలుపులోంచి లోపలికి రావడం మొదలుపెట్టింది. యాంటీవైరస్ ఒక వరస, జిప్ చేసేవి నాలుగు వరసలు, పాటలు వాయించేవి రెండు, గ్రాఫిక్ కార్డుది ఒకటి. ఎవరినీ అడగరు, వచ్చి కూర్చుంటారు. కంపెనీకి అది ముఫ్త్‌లో దొరికిన దుకాణం బోర్డు. మెనూ తెర పైనుంచి కిందిదాకా సాగింది. పైగా ఈ చేర్పులు ఫైళ్లు చూపించే ఎక్స్‌ప్లోరర్ లోపలే నడుస్తాయి. ఒకటి నెమ్మదిస్తే మెనూ అంతా నెమ్మదిస్తుంది, ఒకటి కూలితే ఎక్స్‌ప్లోరరే కూలవచ్చు. వస్తువు దగ్గరే హుకుం ఉండాలని పార్క్‌లో మొదలైన ఖయాల్ చివరికి, కావాల్సిన హుకుం కోసం చిట్టాలో వెతుక్కునే హాల్‌కి వచ్చింది.

విస్టాలో మైక్రోసాఫ్ట్ కొన్ని వరసలను పర్దా వెనక పెట్టింది. షిఫ్ట్ పట్టుకుని కుడి మీట నొక్కితేనే అవి కనపడేవి. ఫైల్ దారిని అక్షరాలుగా కాపీ చేసేది వాటిలో ఒకటి. ఆపిల్ కూడా చేతి కింది మెనూకి తిరిగొచ్చింది. 1997లో మాక్ ఓఎస్ 8లో కంట్రోల్ మీట పట్టుకుని క్లిక్ చేస్తే మెనూ లేచేది. 2005లో మైటీ మౌస్‌తో కుడి క్లిక్కుని కూడా తన మౌస్‌లో ఒప్పుకుంది. లినక్స్‌లో గ్నోమ్ వాళ్లది అన్నిటికన్నా సాదా తరీఖా. 'స్క్రిప్ట్స్' అనే ఫోల్డర్‌లో మన చిన్న ప్రోగ్రామ్ పడేస్తే మెనూలో కనపడుతుంది. మన 'సెండ్ టు'కి అన్నదమ్ముల బిడ్డ అనుకోండి.

2021 అక్టోబర్ 5న విండోస్ 11 వచ్చింది. మైక్రోసాఫ్ట్ కత్తెర పట్టింది. కట్, కాపీ, పేరు మార్చు, తీసెయ్ లాంటివి చిన్న బొమ్మలై బాణానికి దగ్గరగా వచ్చాయి. మిగతావి తగ్గాయి. ఏళ్లుగా అదుపు లేకుండా పెరిగిందని, రోజూ వాడేవి బాణానికి దూరమైపోయాయని వాళ్లు చెప్పిన కారణాలు. కొత్త మెనూలోకి రావాలంటే కంపెనీలు కొత్త ఖాయిదా ప్రకారం రావాలి. పాత మెనూ 'షో మోర్ ఆప్షన్స్' అనే ఒక్క వరస వెనక్కి వెళ్లింది. షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కినా అది వస్తుంది.

ఇందులో ఇన్సాఫ్ ఉంది. చెత్త పెరిగిన మాట నిజం. కానీ బజారును ఖాళీ చేయించినప్పుడు దర్జా దుకాణాలతో పాటు గుమ్మం దగ్గర బుట్ట పెట్టుకున్న ముసలామె కూడా లేచిపోవాల్సి వస్తుంది. 'సెండ్ టు' ఆ బుట్ట. దాన్ని ఏ కంపెనీ పెట్టలేదు, వాడుకునే మనిషి తన కోసం పెట్టుకున్నాడు. అదీ రెండో మెనూలోకి పోయింది.

మన హిస్సా

పోయింది కానీ మాసిపోలేదు. 1995లో తెరిచిన ఆ తలుపు ఇవాళ్టికీ తెరిచే ఉంది. మీ ఇంట్లో పిల్లలు చదువుల కాగితాలతో, పెద్దలు పింఛన్ కాగితాలతో తంటాలు పడుతుంటే ఒక్క పది నిమిషాలు ఇవ్వండి.

విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఇంగ్లీషులో షెల్ అని, కోలన్ పెట్టి, ఎక్కడా ఖాళీ వదలకుండా సెండ్‌టు అని కొట్టండి. ఫోల్డర్ తెరుచుకుంటుంది. మీరు రోజూ ఫైళ్లు పంపే ఫోల్డర్లకు షార్ట్‌కట్‌లు చేసి అందులో పెట్టండి. మీకు అక్కర్లేని పాత షార్ట్‌కట్‌లు తీసెయ్యండి. పేర్ల ముందు అంకెలు వేయండి, వరస మీ మాట వింటుంది. ఐదారు దాటనివ్వకండి, లేకపోతే మళ్లీ బజారే. ఆ ఫోల్డర్‌కి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో దాచండి. కొత్త కంప్యూటర్‌లో ఫోల్డర్ల దారులు మారితే షార్ట్‌కట్‌లు మళ్లీ చేసుకోవాలి, కానీ ఏమేం ఉండేవో చిట్టా అయినా చేతిలో ఉంటుంది. నేను చేయని పని అదే. రిజిస్ట్రీ జోలికి మాత్రం, ముందు దాని నకలు తీసుకోవడం తెలిసినవాళ్లే పోవాలి.

లారీ టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు. మెషీన్ హాలత్‌ని మనిషి మోయకూడదని జీవితమంతా వాదించిన మనిషి. మా ఉస్తాద్‌కి ఆయన పేరు తెలియదు, ఆయనకి మా ఉస్తాద్ పేరు తెలిసే అవకాశమే లేదు. ఒకాయన పాలో ఆల్టోలో పుస్తకాలవాళ్ల కత్తెర పనిని తెర మీదికి తెచ్చాడు. ఇంకొకాయన ఛత్తా బజార్‌లో రుఖాల మధ్య కూర్చుని ఆ తెర మీద తన వరస తాను రాసుకున్నాడు.

ఈ జుమ్మాకి ఆపా ఇంటికి వెళ్లాను. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ మూడు పేర్లు మళ్లీ పెడదామని కూర్చుంటే మావాడు అప్పటికే పెట్టేసుకున్నాడు. మూడు కాదు, నాలుగున్నాయి. నాలుగోది 'అమ్మీ'.

"ఇదేంట్రా?"

"అమ్మీ ఆధార్, పాస్‌బుక్, ఆస్పత్రి రిపోర్టులు. ఎప్పుడు ఏది అడిగినా డౌన్‌లోడ్స్‌లో వెతుకుతున్నాను కదా మామూ. ఇక వెతకను."

ఫైల్ పేర్లు చూశాను. ప్రతిదానిలో పేరు ఉంది, తారీఖు ఉంది.